ఎత్తొద్దు, పక్కన మూడు చుక్కలు

నడుం డాక్టరుకి ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. కూతురు ఇష్టపడిన కుర్రాడి తండ్రితో వీడియో కాల్‌లో మాట్లాడి, పెళ్లి ఎప్పుడనేది తేల్చుకోవాలి. అందుకోసం నున్నగా గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, నడుం కింద భాగం ఎలాగూ ఫోన్లో కనపడదు కదా అని ఇంట్లో తిరిగే పాత నిక్కరుతోనే కూర్చున్నాడు.

వీధిలో అందరూ ఆయన్ని నడుం డాక్టరనే అంటారు. ఇంటి ముందుగదిలోనే క్లినిక్కు. అందులో ఒక ఎత్తయిన బల్ల, కాపడం పెట్టే పెట్టె, నడుం లాగే మిషను. చేతులు మోకాళ్లకి ఆనించుకుని వచ్చినవాళ్లు కొన్నాళ్లకి నిటారుగా నడిచి వెళ్తారు. హస్తవాసి మంచిదని పేరు. ఆ డాక్టరుకున్న ఒకే ఒక్క జబ్బు అనుమానం. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడంటాడు, నవ్వకపోతే కలిపింది బయటపడుతుందని బెంగ పెట్టుకున్నాడంటాడు. దీనికి మందు ఆయన దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదు.

కూతురికి ఆ సంగతి తెలుసు. తండ్రిని ఎదురెదురుగా కూర్చోబెడితే ప్రశ్నలేసి చంపుతాడని, ముందు ఫోన్లోనే మాట్లాడించాలని ఏర్పాటు చేసింది. ఆఫీసుకి వెళ్తూ గుమ్మంలో ఆగి మరీ చెప్పింది.

"నాన్నా, వాళ్ల నాన్న మాస్టారు చాలా నెమ్మదైన మనిషి. ఈ ఒక్కపూటకి ఎవర్నీ అనుమానించకు. నాకోసం."

"నేనెప్పుడు ఎవర్ని అనుమానించానే?" అన్నాడు డాక్టరు, ఈ మాట దీనికి ఎవరు నేర్పారా అని భార్య వైపు చూస్తూ.

కుర్రాడి తండ్రి రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఊరికి అవతలి కొసన ఉంటాడు. ఫోన్లో తన ఫొటోకి బదులు తనే గీసుకున్న పెన్సిలు బొమ్మ పెట్టుకున్నాడు. అసలు మొహం చూపించడానికి ఏం అడ్డమొచ్చిందని డాక్టరుకి ముందే ఒక చిన్న సందేహం ఉంది. దానికి తోడు, నిన్న సాయంత్రం మూడుసార్లు ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. రాత్రి కూతురు చేస్తే మాత్రం వెంటనే ఎత్తాడు.

ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, భార్యాభర్తలిద్దరూ దాని ముందు కూర్చున్నారు. మాస్టారి మొహం కనిపించింది. మొహమంటే నుదురు మాత్రమే. మిగతాది తెర కిందికి పోయింది.

"వినపడుతోందాండీ?" అంది నుదురు.

"బాగా వినపడుతోందండీ. ఇంట్లో అందరూ కులాసానా?"

"మీ పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావట్లేదండీ."

"మీరు నోరు నొక్కేశారు," అంది డాక్టరు భార్య, మ్యూట్ బటన్ తీస్తూ. తర్వాత ఆవిడ తెర మూలనున్న చిన్న గడిలో తన జుట్టు సర్దుకోవడంలో పడిపోయింది.

అక్కణ్ణించి మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. నెట్టు ఏ ముక్క మింగుతోందో, ఏ ముక్క కక్కుతోందో తెలియడం లేదు.

"మీ అమ్మాయి... మాకు చాలా... అసలు మీరంటే నాకు... మీకో దండం..."

డాక్టరు భృకుటి ముడిపడింది. మీకో దండం ఏమిటి? వద్దు బాబోయ్ అనుకున్నవాళ్లతో కదా ఆ మాట అంటారు.

"ఉండండి, మీకో తమాషా... చూపిస్తా..." అని మాస్టారు ఏదో నొక్కాడు. నుదురు పోయి, ఆయన ఫోన్లో ఉన్నదంతా ఇటువైపు తెరమీదకి వచ్చేసింది. చత్వారం ఉన్నవాళ్లు పెట్టుకునే బండ అక్షరాలు. వాటి పక్కన డాక్టరు సొంత ఫొటో, కొండమీద టోపీ పెట్టుకుని తీయించుకున్నది. ఫొటో పక్కన పేరు ఉండాల్సిన చోట ఇలా ఉంది: 'ఎత్తొద్దు...'

ఆ వెంటనే మళ్లీ మాస్టారి మొహం వచ్చింది, ఈసారి పూర్తిగా. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. అలా నవ్వుతూనే బొమ్మలా బిగుసుకుపోయాడు. కాల్ తెగిపోయింది.

"చూశావా?" అన్నాడు డాక్టరు.

"ఏమిటి?"

"నా పేరు అక్కడ ఎత్తొద్దు అని రాసుకున్నాడు. పైగా దాన్ని నాకే చూపించి పళ్లికిలించాడు."

"మీరు సరిగ్గా చూసుండరు."

"పక్కన మూడు చుక్కలు కూడా ఉన్నాయి. చుక్కలు పెట్టాడంటే వెనక ఇంకా ఎంత కథ ఉందో."

ఆయన అంత నమ్మకంగా చెప్పడానికి కారణముంది. ఆయన ఫోన్లో కూడా ఆ పేరుతో ఒకడున్నాడు. ఆరోగ్య బీమా తీసుకోమని వారానికి రెండుసార్లు ప్రాణం తీసే కుర్రాడు. ఒకసారి మొహమాటానికి ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పి, తర్వాత నాలిక్కరుచుకుని, వాడి నంబరుని 'ఎత్తొద్దు' అని దాచిపెట్టుకున్నాడు. అంచేత మనుషులు ఎవరికి ఆ పేరు పెడతారో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

అయినా ఇంకో పరీక్ష చేద్దామని మాస్టారికి మళ్లీ ఫోన్ చేశాడు. రింగయి రింగయి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. అప్పుడు భార్య ఫోన్ లాక్కుని దాంతో చేశాడు. మొదటి రింగుకే అవతల "హలో" అని వినపడింది. డాక్టరు టక్కున పెట్టేశాడు.

"ఇంకేం కావాలి? నువ్వు చేస్తే ఎత్తుతాడు, నేను చేస్తే ఎత్తడు. ఇష్టం లేని సంబంధమని మొహం మీద చెప్పలేక ఈ నాటకాలు. ఇలాంటి ఇంట్లో మన పిల్ల ఏం సుఖపడుతుంది?"

"ఒక్కసారి అమ్మాయిని అడగండి."

"దానికేం తెలుసు? అది కుర్రాణ్ణి చూసింది. నేను వాళ్ల నాన్న ఫోన్ చూశాను."

ఒక్కగానొక్క కూతురు. ఎవరో దాన్ని చిన్నచూపు చూస్తారన్న ఊహకే ఆయనకి కడుపు రగిలిపోయింది. ఆ మంటలో మాస్టారి నంబరు తీసి, పేరు చెరిపేసి, దానికీ 'ఎత్తొద్దు' అని పెట్టాడు. ఫోన్ వినయంగా ఒక ప్రశ్న వేసింది: ఈ పేరుతో ఇంకొకరు ఉన్నారు, ఇద్దరినీ కలపమంటారా? ఇద్దరూ ఒకే బాపతు, విడిగా ఎందుకని డాక్టరు 'కలుపు' అని నొక్కాడు.

కాసేపటికి ఫోన్ మోగింది. తెరమీద పెన్సిలు బొమ్మ, కింద 'ఎత్తొద్దు'. ఎత్తకూడదనే అనుకున్నాడు. కానీ ఏం బుకాయిస్తాడో విందామనిపించింది.

"నమస్కారం సర్. మొన్న అనుకున్నదాని గురించి ఏ నిర్ణయానికి వచ్చారు?" అంది ఒక కుర్రగొంతు.

ఓహో, తను మాట్లాడలేక మనిషిని పెట్టాడన్నమాట.

"ఎవరు మీరు?"

"వాళ్ల తరఫునే మాట్లాడుతున్నాను సర్. మీ ఇంట్లో షుగరు, బీపీ, గుండెజబ్బులు ఎవరికైనా ఉన్నాయా? ముందే చెప్పేస్తే మంచిది సర్. తర్వాత బయటపడితే మావాళ్లు ఒప్పుకోరు."

"మాకే జబ్బులూ లేవు," అన్నాడు డాక్టరు, పళ్లు నూరుతూ.

"చాలా సంతోషం. అమ్మాయి ఉందన్నారు, వయసెంత సర్?"

"ఇరవై ఆరు."

"అయ్యో, పాతికలోపైతే హాయిగా అయిపోయేది. సరే, మావాళ్లకి నచ్చజెప్పి చూస్తాను. ఇంతకుముందు ఇంకెవరైనా కాదన్నారా సర్?"

"మా అమ్మాయిని కాదనే మొనగాడు ఇంకా పుట్టలేదు."

"కోప్పడకండి సర్, అందర్నీ అడిగేదే. ఇందులో మీకో సౌకర్యం కూడా ఉంది. నచ్చకపోతే పదిహేను రోజుల్లో వెనక్కిచ్చేయొచ్చు. ఎందుకని మేం ఒక్క మాట అడగం."

డాక్టరు ఫోన్ పెట్టేసి, గ్లాసుడు మంచినీళ్లు తాగి, పెళ్లంటే వీళ్లకి అంగట్లో చెప్పులు కొన్నట్టుందని భార్యకి చెప్పాడు. ఆవిడ "ఏదో పొరపాటు జరిగింది, ఆగండి" అంటూనే ఉంది. ఆయన ఆగలేదు. ఆ 'ఎత్తొద్దు'కే ఒక మెసేజ్ పెట్టాడు: 'మా అమ్మాయి అంగడి సరుకు కాదు. పదిహేను రోజులు ఉంచుకుని వెనక్కి ఇచ్చుకునే సంబంధం మాకు వద్దు. ఇంకోసారి ఈ ఇంటికి ఫోన్ చేస్తే పోలీసులకు చెబుతాను.'

మధ్యాహ్నానికల్లా కూతురు ఆఫీసు మధ్యలోనే ఇంటికి వచ్చేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బ్యాగు కుర్చీలో పడేసి తండ్రి ముందు నిలబడింది.

"నీకీ పెళ్లి ఇష్టం లేకపోతే నాతో చెప్పొచ్చు కదా నాన్నా. ఆయన ఏం పాపం చేశారని పోలీసులంటావు? ఆ మెసేజ్ చూసి ఆయన పొద్దున్నించి ఏమీ తినలేదట."

కూతురు ఏడిస్తే డాక్టరు చూడలేడు. అయినా పౌరుషం కొద్దీ జరిగిందంతా చెప్పాడు, జబ్బులూ వయసూ పదిహేను రోజులతో సహా. ఆ పిల్ల వింటూ వింటూ ఆయన ఫోన్ తీసుకుని రెండుచోట్ల నొక్కి చూసింది.

"ఇందులో రెండు నంబర్లున్నాయి నాన్నా. నీకు ఫోన్ చేసింది బీమావాడు. నువ్వు మెసేజ్ పెట్టింది మాస్టారికి. ఇద్దర్నీ ఎవరు కలిపారు?"

డాక్టరు భార్య లేచింది. వెళ్లి కిటికీ తెర సర్దింది.

"సరే, అది నా పొరపాటే," అన్నాడు డాక్టరు, ఇంకా పట్టు వదలకుండా. "మరి ఆయన నాకు పెట్టిన పేరు? అది నా రెండు కళ్లతో చూశాను."

అంతలో వీధిలో కారు ఆగింది. మాస్టారూ, ఆయన భార్యా దిగారు. డాక్టరుకి అప్పుడు గుర్తొచ్చింది, తను ఇంకా నిక్కరుతోనే ఉన్నానని. చప్పున క్లినిక్కు బల్ల వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. మాస్టారు గుమ్మంలో అటు తిరిగి, గోడ పట్టుకుని, నెమ్మదిగా వంగి చెప్పులు విడిచాడు.

డాక్టరు ఆ వీపు వంక తేరిపార చూశాడు. ఆ వీపు ఆయనకి బాగా తెలుసు. ఆయన దగ్గరికి వచ్చే రోగులంతా బల్లమీద బోర్లా పడుకునేవాళ్లే. మొహాలు ఆయనకి గుర్తుండవు, వీపులు మర్చిపోడు. ఎడమవైపు కాస్త ఒరిగిన ఈ నడుముతో రెండు నెలలు కుస్తీ పట్టాడు కూడా.

మాస్టారు ఇటు తిరిగి, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"నా వల్ల తప్పేదైనా జరిగుంటే చెప్పండి, దిద్దుకుంటాను. పిల్లల్ని మాత్రం విడదీయకండి. పొద్దున మీతో మాట్లాడుతుండగా ఈ ఫోన్ బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ పెడితే, చెల్లెమ్మగారి నంబరునించి కాల్ వచ్చి, హలో అనేలోపే కట్టయిపోయింది. దీనికి రింగు కూడా సరిగ్గా వినపడి చావదు."

"అది సరేనండీ. మరి నన్ను ఎత్తొద్దని..." అన్నాడు డాక్టరు. గొంతులో పొద్దున్నటి బలం లేదు.

"పొద్దున మీకు చూపిద్దామనుకున్న తమాషా అదేగా," అన్నాడు మాస్టారు, మొహం విప్పారుతుండగా. "మూడేళ్ల కిందట మీ బల్లమీద పడుకున్నవాణ్ణి. మీ పేరు మర్చిపోయాను గానీ మీ మాట మర్చిపోలేదు. బకెట్టు ఎత్తొద్దు, సిలిండరు ఎత్తొద్దు, మంచం ఎత్తొద్దు అని రోజూ నా వీపు మీద చెప్పేవారు. అదే పేరుగా రాసుకున్నాను."

కూతురు మాస్టారి ఫోన్ తీసుకుని, ఆ బండ అక్షరాలు చిన్నవి చేసింది. మూడు చుక్కలు పోయి పేరు మొత్తం బయటికి వచ్చింది: 'ఎత్తొద్దు డాక్టరుగారు, దేవుడిలాంటి మనిషి'.

"మీ అమ్మాయి మీ నంబరిచ్చినప్పుడు, దాచుకుందామని కొట్టేసరికి ఈ పేరొచ్చిందండీ," అన్నాడు మాస్టారు. "అప్పటిదాకా మా ఆవిడ ఈ పెళ్లికి ఊఁ అనలేదు. ఇది ఆ డాక్టరుగారి కూతురే అని చూపించాక మారు మాట్లాడలేదు."

మాస్టారి భార్య అవునన్నట్టు తల ఊపింది. డాక్టరు బల్ల వెనకనించి ఇవతలికి వచ్చాడు. నిక్కరు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మాస్టారి చేతులు పట్టుకుని, "నన్ను క్షమించండి బావగారూ," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. కూతురు ఏడుస్తూ నవ్వుతూ లోపలికి వెళ్లి అందరికీ కాఫీ పెట్టింది. సాయంత్రానికి పెళ్లి తేదీ అనుకున్నారు. మాస్టారి నడుముని ఇంకోసారి బల్లమీద పడుకోబెట్టి చూసి మరీ పంపించాడు డాక్టరు.

వాళ్లు వెళ్లిపోయాక ఆయన టేబుల్ దగ్గర కూర్చున్నాడు. మనసు తేలికపడింది. ఇక జన్మలో ఎవర్నీ అనుమానించకూడదనుకున్నాడు. అలా అనుకుంటుండగా టేబుల్ మీదున్న భార్య ఫోన్ మీదికి చూపు పోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ తన నంబరు ఏ పేరుతో రాసుకుందో ఎప్పుడూ చూడలేదు. మెల్లగా చెయ్యి చాపాడు.

"ఎత్తొద్దు," అంది ఆవిడ, వంటింట్లోంచి వెనక్కి తిరక్కుండానే.

ఆ మాటకి అర్థం ఈసారి ఆయన ఎవరినీ అడగలేదు.