ముప్పై ఎనిమిదో ఫ్రేము

ఫ్రేములాయన ఆ పొద్దున వేసుకున్న ప్లానులో పెద్ద పనులేవీ లేవు. షట్టరు ఎత్తాలి, షాపు ఊడ్చుకోవాలి, నాలుగు కర్రలు కోసుకోవాలి, పన్నెండున్నరకు డబ్బా విప్పి గోడవైపు తిరిగి భోంచేయాలి. భార్య పోయి నాలుగేళ్ళయింది. అప్పటి నుంచి ఆయన భోజనం ఆ గోడకెదురుగానే సాగుతోంది. జనం ఫోటోకు ఫ్రేము కట్టమని ఇచ్చి, మళ్ళీ రాక వదిలేసినవి అక్కడ ముప్పై ఏడు వేలాడుతున్నాయి. తుమ్మబోతున్న పెళ్ళికొడుకు, కవలపిల్లలు, కుక్కతో ఓ పెద్దాయన, మెడలో పతకం వేసుకున్న అమ్మాయి, అందరూ ఆయన్నే చూస్తుంటారు. "ఇవాళ కూరలో ఉప్పెక్కువైందయ్యా," అని పెళ్ళికొడుకుతో చెప్పుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ప్లానుకు మొదటి దెబ్బ తొమ్మిదింటికి ఫోనులో తగిలింది. అద్దాలు సప్లయి చేసే ఆయన నుంచి.

"సాయంత్రం ఐదింటికి వ్యాను వస్తుందండీ. పాత బాకీ తీరిస్తేనే అద్దాలు దించుతారు. లేకపోతే అటు నుంచి అటే వెళ్ళిపోతారు."

అద్దాలు దిగకపోతే స్కూలువాళ్ళ అరవై ఫ్రేముల ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే అద్దె కట్టలేడు, అద్దె కట్టకపోతే షాపు పోతుంది. షాపు పోతే పగలంతా ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తెలియదు. ఇంట్లో పలకరించే మనుషులు లేరు సరే, కనీసం ఫోటోలైనా లేవు. భయమేసి మేనకోడలికి ఫోను చేశాడు. ఆ పిల్ల ఓ ఆఫీసులో లెక్కలు చూస్తుంది. ఆఫీసుకు వెళ్ళే దారిలో వచ్చింది.

"మామయ్యా, గల్లాపెట్టెలో ఎంతుంది?"

"చిల్లర ఉంది తల్లీ."

"అదేంటి? వ్యాపారం బాగుందన్నావుగా?"

"బ్రహ్మాండంగా ఉంది. చేతినిండా పనే."

మేనకోడలు ఓసారి గోడకేసి చూసి నిట్టూర్చింది.

"నీ వర్కింగ్ క్యాపిటల్ అంతా అదిగో, మేకులకు వేలాడుతోంది. డబ్బు పెట్టి కర్రా, అద్దమూ కొంటావు. అవి ఫ్రేమవుతాయి. ఆ ఫ్రేము మళ్ళీ డబ్బయితేనే కదా రేపటికి కర్రా, అద్దమూ వచ్చేది? అది మధ్యలో గోడెక్కి కూర్చుంటే రోజు ఎలా గడుస్తుంది? పుస్తకంలో లాభం వేరు, చేతిలో డబ్బు వేరు. అడ్వాన్సు ఎంత తీసుకున్నావు?"

"ఛఛ! వాళ్ళ మీద నమ్మకం లేనట్టు ఉండదూ?"

"అడ్వాన్సు ఇచ్చినవాడు పరిగెత్తుకుంటూ వస్తాడు మామయ్యా. ఇవ్వనివాడు నీ గోడనే వాళ్ళింటి అటక చేసుకుంటాడు. సరే, అందరికీ ఫోన్లు చేద్దాం. పుస్తకం ఇటివ్వు."

పుస్తకం తెరిచింది. "పెళ్ళి. వరుడికి తుమ్ము. పది పన్నెండు సైజు." "కుక్క, పెద్దాయన. కుక్క బాగా పడింది." పేజీలన్నీ ఇదే వరస.

"పేర్లేవి? నంబర్లేవి?"

"ముఖమే ఇచ్చాక పేరెందుకమ్మా?"

మేనకోడలు తల పట్టుకుంది. అసలే ఆఫీసుకు ఆలస్యమవుతోంది. "ఇకనుంచి ప్రతివాడి దగ్గరా సగం అడ్వాన్సు తీసుకో. ఇప్పుడు మాత్రం ఏదో ఒకటి చేసి వీళ్ళ ఆచూకీ కనుక్కో," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆచూకీ కనుక్కోవడానికి ఫ్రేములాయనకు ఒకటే ఉపాయం తోచింది. ఫ్రేములన్నీ బయటి గోడకు తగిలించడం మొదలుపెట్టాడు. దానికి నిచ్చెన కావాలి. ఆయన నిచ్చెన ఆరేళ్ళ క్రితం ఎదురు షాపు వాచీలాయన అడిగి తీసుకెళ్ళాడు. రెండ్రోజులకే ఈయన దాన్ని నలుగురిలో తిరిగి అడిగాడని వాచీలాయన చిన్నబుచ్చుకున్నాడు. మధ్యలో ఉన్నది ఎనిమిదడుగుల సందే అయినా అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చేసేది లేక బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కాడు.

హడావిడిలో లోపలి అరలో ఉన్న తన ఫోటో కూడా తగిలించేశాడు. షాపు తెరిచిన రోజు తీయించుకున్నది అది. ఒత్తైన జుట్టు, కోరమీసం. తీసేద్దామంటే మళ్ళీ స్టూలెక్కాలి, మోకాళ్ళు ఒప్పుకోలేదు. కింద అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాడు: "ఈ ఫోటోలలోని వారి గురించి తెలిసినవారు వెంటనే షాపులో చెప్పగలరు. సాయంత్రం ఐదు దాటితే లాభం లేదు."

"అయ్యయ్యో, ఇంతమంది తప్పిపోయారా! పసిపిల్లలు కూడానూ!" అంది కూరల సంచితో అటు వెళ్తున్న ఒకావిడ. పది గంటలకల్లా వీళ్ళంతా ఒకే బస్సులో వెళ్ళారని తేలింది. పదకొండుకు ఆ బస్సు వంతెన మీద నుంచి పడింది. ఎవరో పుణ్యాత్ములు పెళ్ళికొడుకు కింద రెండు పువ్వులు పెట్టి కళ్ళొత్తుకున్నారు. ఫ్రేములాయన లోపల జిగురు కలుపుకుంటూ, బయట జనం చేరినందుకు సంతోషించాడు.

పన్నెండింటికి కానిస్టేబులు వచ్చి ఫోటోలు లెక్కపెట్టి "ముప్పై ఎనిమిది మంది" అని రాసుకున్నాడు.

"ఐదు దాటితే లాభం లేదంటే ఏంటండీ? ఎవరైనా బెదిరిస్తున్నారా?"

"అద్దాలాయన బెదిరిస్తున్నాడండీ. పాపం, ఆయన తప్పేం లేదు."

కానిస్టేబులు "అద్దాలు పెట్టుకున్న వ్యక్తి" అని కూడా రాసుకున్నాడు.

అంతలో పెళ్ళికొడుకు రొప్పుకుంటూ వచ్చి పడ్డాడు. "నేను బతికే ఉన్నానండీ! నేను పోయానని విని మా అత్తగారు పడిపోయారు!"

"చల్లగా ఉండు బాబూ. ఎనిమిది నెలలైంది. నాలుగు వందల ఎనభై."

"ఇప్పుడు డబ్బు గొడవేంటండీ?"

"చూడండి," అన్నాడు కానిస్టేబులు గట్టిగా, "మీరు దొరికారని నేను రాయాలంటే మీ ఫోటో ఈ గోడ మీద ఉండకూడదు. కట్టాల్సింది కట్టి తీసుకెళ్ళండి."

పెళ్ళికొడుకు కట్టాడు, కట్టి తుమ్మాడు కూడా. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. పెద్దాయన కుక్కతో సహా వచ్చి, ఇద్దరూ క్షేమమేనని విడివిడిగా రాయించుకున్నాడు. ఎదిగిపోయిన కవలల్లో ఎవరు ఎవరో తేల్చడానికి పావుగంట పట్టింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఫ్రేములాయన ఒక్కరోజులో అంత డబ్బు చూడలేదు.

ఐదింటికి వ్యాను వచ్చింది. బాకీ తీరింది, అద్దాలు దిగాయి, ఇంకా గల్లాపెట్టె మూత పడటం లేదు. జనం వెళ్ళిపోయారు. ఫ్రేములాయన లోపలికెళ్ళి గోడకేసి చూశాడు. ముప్పై ఏడు మేకులున్నాయి. పొద్దున్నుంచీ తిండి తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. డబ్బా విప్పాడు కానీ ఉప్పు ఎక్కువైందో లేదో చెప్పడానికి ఎవరూ లేరు. ఏడుపొచ్చినంత పనైంది.

"ముప్పై ఏడుగురు దొరికారు," అన్నాడు కానిస్టేబులు గుమ్మంలోంచి. "ఒకడే మిగిలాడు. ఎవరండీ ఈ కుర్రాడు?"

"నేనే" అనబోయి ఫ్రేములాయన ఆగిపోయాడు. పొద్దున్నుంచి ఊరంతా ఆ ఫోటో చూసింది. ఒక్కరూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టగలిగిన ఒక్క మనిషీ నాలుగేళ్ళ క్రితమే పోయింది. తన కోసం ఎవరైనా వస్తారేమో చూడాలని ఆయనకు కోరిక పుట్టింది. ఈ వయసులో ఇదేం కోరికని సిగ్గేసింది కూడా.

"తెలీదండీ," అన్నాడు.

అప్పుడు ఎదురు షాపులోంచి వాచీలాయన భుజాన నిచ్చెన వేసుకుని సందు దాటి వచ్చాడు.

"ఆ మనిషి నాకు తెలుసు సార్."

కానిస్టేబులు పుస్తకం తెరిచాడు. "చెప్పండి."

"మహా మొండివాడు. ఆరేళ్ళుగా నాతో మాట్లాడడు. రోజూ పన్నెండున్నరకు గోడవైపు తిరిగి ఒక్కడే తింటాడు. కూరలో ఉప్పెక్కువైతే ఆ గోడకే చెప్పుకుంటాడు. ఇవాళ తినలేదు, అందుకే వచ్చాను."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"మీ పక్కనే ఉన్నాడు."

కానిస్టేబులు ఫోటో చూశాడు, ఫ్రేములాయన నున్నటి తల చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. "జుట్టు తప్ప అన్నీ దొరికాయి," అని రాసుకుని వెళ్ళిపోయాడు.

వాచీలాయన నిచ్చెన గోడకు ఆనించి, ఎక్కి ఆ ఫోటో దించాడు.

"ఈ ఫ్రేము నేను తీసుకుంటా. ఎంత?" అన్నాడు.

"మూడు వందలు. సగం అడ్వాన్సివ్వాలి. మా మేనకోడలు పెట్టిన రూలు."

"ఇప్పుడు నా దగ్గర లేదు. రేపిస్తాలే. ముందు నువ్వు తిను."

మర్నాడు పన్నెండున్నరకు వాచీలాయన తన డబ్బా పట్టుకుని వచ్చాడు, డబ్బు మాత్రం తేలేదు. ఆ తర్వాతి రోజూ అంతే. నెలాఖరుకు మేనకోడలు వచ్చి పుస్తకం చూసి ఎంతో మెచ్చుకుంది. అన్ని పేజీల్లోనూ పేర్లు, నంబర్లు, అడ్వాన్సులు ఉన్నాయి. ఒక్కదాని దగ్గర ఆగింది.

"మామయ్యా, ఈ మూడు వందలేంటి, ఇంకా రాలేదు?"

"రోజూ వచ్చి రేపిస్తానంటాడమ్మా."

"గట్టిగా అడగకపోయావా?"

ఫ్రేములాయన అడగలేదు; అడిగితే ఎక్కడ ఇచ్చేస్తాడోనని ఆయన భయం.