పొదిలి దారిలో పాదిరీ బంగళా

పొదిలి దారిలో మిరపచేల మధ్య, నూట యాభై ఏళ్లనాటి ఇంగ్లీషు పాదిరీ బంగళా ఒకటి మొన్న కొత్తగా వెలిసిందని ప్రజలకు తెలియజేయడమైనది. కోల్డ్ స్టోరేజీ యజమాని వీరాంజనేయులుగారు ఇంగ్లండు యాత్రలో ఒక పల్లెటూరి చర్చి పక్కన పాదిరీ కాపురముండే పాత ఇల్లు చూసి మనసు పారేసుకున్నారు. నలభై ఫోటోలు తెచ్చి మేస్త్రీ సుభానీ చేతిలో పెట్టారు.

"అచ్చం ఇట్టాగే ఉండాల. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

కప్పు ఇంత ఏటవాలుగా ఎందుకని సుభానీ అడిగాడు. మంచు జారిపోవడానికన్నారు. పొదిలిలో మంచు ఇంతవరకూ పడలేదు గాని, పడిన రోజున చుట్టుపక్కల నిలబడేది ఆ ఒక్క ఇల్లే. కప్పు పూర్తికాగానే యజమానురాలు శివపార్వతిగారు దానిమీద ఆరబోయించిన మిరపకాయలు మాత్రం సాయంత్రానికల్లా సిమెంటు తొట్టిలోకి దిగాయి.

ఆ తర్వాత వాస్తు సిద్ధాంతిగారు దయచేశారు. నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలన్నారు. చలి కాచుకోవడానికి గదికొకటి కట్టాల్సిన పొయ్యిలు ఐదూ వంటింట్లో వరసగా నిలబడ్డాయి. పాదిరీ ప్రసంగాలు రాసుకునే గది పూజగదయింది. రంగుటద్దాల కిటికీ తూర్పుకు తిరిగింది.

ఫోటోలో ఉన్నది ఉన్నట్టు మిగిలింది ఒక్కటే. పనివాళ్లు దొరల కంటపడకుండా వచ్చిపోవడానికి వెనకవైపు సన్నటి గుమ్మం, దానికో ఇరుకు మెట్లదారి. అందులో సిద్ధాంతిగారికి ఏ దోషమూ కనిపించలేదు.

సుభానీ కోరిక చిన్నది. ముందు గుమ్మం మీది మొనదేలిన కమాను మూడుసార్లు కూల్చి, నాలుగోసారి తన చేత్తోనే నిలబెట్టాడు. దాని కిందుగా భార్య జహీరున్నీసాను లోపలికి తీసుకెళ్లాలి. గృహప్రవేశం నాడు ఆమె పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకొచ్చింది.

కమాను కింద వీరాంజనేయులుగారు అతిథులకు ఉపన్యసిస్తున్నారు. "తెల్లోళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది క్రమశిక్షణండీ. ఎవరు ఎటునుంచి రావాలో వాళ్ల ఇల్లే చెబుద్ది."

చప్పట్లు మోగాయి. ఆయన సుభానీని చూసి చల్లగా నవ్వారు.

"ఏం సుభానీ, ఇటు రద్దీగా ఉంది. ఎనక నుంచి రండి. నువ్వు కట్టిందేగా, దారి తెలుసుగా."

వెనక గుమ్మం ముందు జహీరున్నీసా ఆగింది.

"ఇది కూడా ఫోటోలో ఉందా?"

"ఉంది."

"మరి ముప్పై ఏళ్లుగా మన ఊళ్లల్లో కట్టావే ఎనక గుమ్మాలు, అవి ఏ ఫోటో చూసి కట్టావు?"

లోపల బంతిలో కూర్చున్న మనకు ఆ మాట వినపడలేదు. గారెలు వేడివేడిగా వస్తున్నాయి.