బండకు నీడ వైపు, ఎండ వైపు

నన్ను చాలా ఏళ్ళు ఒక అనుమానం పీడించింది. మనిషి అభిప్రాయం తలలో ఉంటుందా, కూర్చున్న చోట ఉంటుందా?

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. పొద్దున్నే స్నానం, పూజ, ఆ తర్వాత రెండు జొన్నరొట్టెలు, కాసేపు పొలం. ఇలాంటివాడికి ఇంత పెద్ద అనుమానం రావలసింది కాదు. కానీ నా ఇంటి ముందు ఒక బండ ఉండేది. దానివల్ల వచ్చింది.

"ఉండేది" అన్నాను, గమనించారా? ఇప్పుడు లేదు. సర్కారు తీసుకుపోయింది. అలా తీసుకుపోవడం ఎంత మంచిదో మీకు వివరంగా చెప్పాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను!

ప్రభుత్వం మన వాకిట్లోకి రావడం వరమండీ. చూడండి, దేవుణ్ణి రమ్మని నేను ఏళ్ళ తరబడి గంట కొడుతున్నాను. ఆయన ఇంకా రాలేదు. సర్కారును ఒక్కసారి కూడా పిలవలేదు. ట్రాక్టర్ వేసుకుని మరీ వచ్చింది! ఇంతకన్నా దయ ఎక్కడుంటుంది?

అసలు స్వేచ్ఛ ఎంత బరువో ఎప్పుడైనా ఆలోచించారా? కందులు మిద్దె మీద ఆరబోయాలా, వాకిట్లో ఆరబోయాలా? తలుపుకు ఏ రంగు వేయాలి? పక్కింటివాడితో ఎంతసేపు నిలబడి మాట్లాడాలి? ఇవన్నీ మనమే తేల్చుకోవాలంటే తల పగిలిపోదూ! ఎక్కడో ఒక సారు ఫ్యాన్ కింద కూర్చుని ఇవన్నీ నేను తేలుస్తానంటే వద్దనడానికి మనమెవరం?

రేపు ముగ్గుకు ఎన్ని చుక్కలో కూడా జీవోలో వస్తే మా ఆవిడ సుమిత్రమ్మకు తెల్లవారుజామున ఆలోచించే పని తప్పుతుంది. ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్ళు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, ఓటీపీ వచ్చాకే ఆకలి వేయాలి అన్నారనుకోండి, దేశంలో ఎంత క్రమశిక్షణ వస్తుంది!

ఈ మాటే మా ఆవిడతో అన్నాను. "ముందుగాల నువ్వు తిన్న పళ్ళెం కడుగు. దానికి జీవో అక్కర్లేదు" అంది. ఆడవాళ్ళకు పరిపాలన విషయాలు పట్టవు.

సరే, బండ సంగతికి వస్తాను.

మా ఊరి పేరు చెప్పను. చెప్తే అక్కడ ఎవరు గెలిచారో చూసుకుని, నేను రాసింది నిజమో అబద్ధమో మీరు తేల్చేస్తారు. వికారాబాద్‌కూ తాండూరుకూ మధ్య రైలు ఆగే చిన్న ఊరు అనుకోండి, చాలు.

మా ఇంటి గోడకు ఆనుకుని రెండు దిమ్మెల మీద పొడుగాటి తాండూరు బండ వేసి ఉండేది. నడుమెత్తు ఉండేది. దాని మీద కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనవు. రాజకీయ చర్చలకు అంతకన్నా అనువైన ఎత్తు లేదు!

అయితే ఆ ఎత్తు పెట్టించింది చర్చల కోసం కాదు, మైసమ్మ కోసం. మైసమ్మ ఆకుకూరలమ్మే మనిషి. గంగవాయిలి, చుక్కకూర, మెంతికూర గంపలో కిందికంటా కుక్కి, నెత్తిన పెట్టుకుని తోట నుంచి మార్కెట్ దాకా నడుస్తుంది. మా ఇల్లు సగం దారి. ఏళ్ళ కిందట ఒకరోజు మా గుమ్మం ముందు ఆగి, "జర గంప దించు పటేలా, మెడ వడిపోతున్నది" అని పిలిచింది. నేను తడిపంచెతో, మడితో ఉన్నాను. "పూజయినంక వస్తనమ్మా" అన్నాను. పూజయ్యి బయటికి వచ్చేసరికి ఆమె లేదు.

ఆ నెలలోనే బండ వేయించాను. నడుమెత్తు ఉంటే ఎవరి సాయమూ లేకుండా గంప దించుకోవచ్చు, మళ్ళీ ఎత్తుకోవచ్చు. ఆమెకు వసతి, నా పూజకు ఆటంకం లేదు. అప్పటినుంచీ మైసమ్మ రోజూ బండ మీద గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, లోపలికి చూసి ఒకే మాట అడుగుతుంది. "పూజయ్యిందా పటేలా?"

నేను లోపలినుంచే గంట కొడతాను. ఇంకా కాలేదని అర్థం.

మిగతా సమయమంతా బండ ఇద్దరిది. ఒకరు భీమప్ప. ఆయనకు బండల పాలిషింగ్ యూనిట్ ఉంది, కోపం వస్తే మాటలో కన్నడం కలుస్తుంది. ఇంకొకరు కిష్టయ్య. ఇప్పటికీ గొర్లు కాస్తాడు, సెల్‌ఫోన్‌లో వార్తలు కూడా కాస్తాడు. భీమప్పది గొడుగు పార్టీ, కిష్టయ్యది నిచ్చెన పార్టీ.

పొద్దున పూట పక్కింటి గోడ నీడ బండకు ఒక చివరే పడుతుంది. రెండో చివర ఎండ. నీడ కోసం రోజూ గొడవ పడలేక, పెద్దమనుషుల్లాగా ఒక ఒప్పందం చేసుకున్నారు. ఎవరి పార్టీ సర్కారులో ఉంటే వాళ్ళకు నీడ. ఓడినవాళ్ళకు ఎండ. ఓట్ల లెక్కింపు అయిన సాయంత్రం ఇద్దరూ తువ్వాళ్ళు దులుపుకుని చివరలు మార్చుకునేవాళ్ళు. మనదేశంలో అధికార మార్పిడి ఇంత ప్రశాంతంగా ఇంకెక్కడా జరగదేమో!

గొడుగు పార్టీ ఉన్నప్పుడు ఒక ఆర్డర్ వచ్చింది. ఇళ్ళ ముందు అరుగులు, బండలు, మెట్లు తీసేయాలట. పేరు "వీధి శోభ". నీడలో ఉన్న భీమప్ప అన్నాడు: "రూలంటే రూలే గదా కిష్టన్నా. గవర్మెంటు ఊకెనే చేస్తదా? అంత మన మంచికే."

ఎండలో ఉన్న కిష్టయ్య లేచాడు: "మా ఇండ్ల ముంగట మేం కూసునుడుకు మీ పర్మిషనా? ఇది పబ్లిక్ రాజ్యమా, జైలా?"

అనడమే కాదు, సర్కారు మనుషులు గడ్డపారలతో వచ్చిన రోజు కిష్టయ్య బండ మీద పద్మాసనం వేశాడు. మనిషి ఉన్న బండను ఎత్తడం వాళ్ళ రూల్స్‌లో లేదు. పొద్దుగూకే దాకా చూసి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మా ఆవిడ అతనికి అక్కడికే రొట్టె, పచ్చిపులుసు పంపింది. నేను ఎటూ మాట్లాడలేదు. నేను తటస్థుణ్ణి. లోపల పూజలో ఉన్నాను.

తర్వాత సర్కారు మారింది. చివరలు మారాయి. ఈమధ్య మళ్ళీ ఆర్డర్ వచ్చింది. ఈసారి పేరు "మన వాకిలి - మన వెలుగు". కాగితం మీద ఫోటో మారింది. కింద అక్షరం మారలేదు.

నీడలో ఉన్న కిష్టయ్య కాళ్ళు ఊపుతూ అన్నాడు: "రూలంటే రూలే గదా భీమప్పా. గవర్మెంటు ఊకెనే చేస్తదా? అంత మన మంచికే."

ఎండలో ఉన్న భీమప్ప లేచాడు: "మా ఇండ్ల ముంగట మేం కూసునుడుకు మీ పర్మిషనా? ఇది పబ్లిక్ రాజ్యమా, జైలా?"

నేను హారతి పళ్ళెంతో అలాగే నిలబడిపోయాను. నా అనుమానం అప్పుడే తీరింది. అభిప్రాయాలు ఆ ఇద్దరివీ కావు. బండవి! నీడ వైపు ఒకటి, ఎండ వైపు ఒకటి అంటుకుని ఉన్నాయి. ఎవరు కూర్చుంటే వాళ్ళకు తగులుకుంటున్నాయి.

అప్పుడే మైసమ్మ వచ్చి గంప దించింది. సంగతి విని ఇద్దరినీ చూసింది. "గీ బండ తీస్తె నేను గంప ఏడ దించాలె? మీ ఇద్దర్ల ఎవల నెత్తి మీద వెట్టాలె?"

"ఆ మాట కిష్టన్నోళ్ళ నిచ్చెన సర్కారును అడుగు" అన్నాడు భీమప్ప.

"అసలు మొదలువెట్టింది గొడుగోళ్ళు. ఆళ్ళనడుగు" అన్నాడు కిష్టయ్య. "ఇంతకు నువ్వు ఎటు దిక్కు మైసమ్మా?"

"నా నెత్తి మీద గంపనే ఆగుతలేదు. జెండా ఏడ వట్టుకోను బిడ్డా?"

నాకూ కొంచెం బెంగ పట్టుకుంది. ముసలి మనిషి ఆ బరువుతో మార్కెట్ దాకా ఆగకుండా ఎలా పోతుంది? అందుకని పాసింజర్ ఎక్కి వికారాబాద్ పోయాను. ఏ ఆఫీసో చెప్పను. అక్కడ ఒక సారును చాలా మర్యాదగా అడిగాను: "మా ఇంటి ముందు బండ మీద మేం కూర్చోవచ్చాండీ?"

"మీరు కూర్చోవచ్చు. అది మీ హక్కు" అన్నారు ఆయన. "బండ ఉండకూడదు. అంతే."

ఎంత గొప్ప స్పష్టత! హక్కుకు హక్కు ఉంది, రూలుకు రూలుంది. కూర్చోవడం మన ఇష్టం, దేని మీద అన్నది మాత్రం మనకు అనవసరం. తిరుగు రైల్లో నిలబడే వచ్చాను. అక్కడ కూడా కూర్చునే హక్కు ఉంది, సీటే లేదు.

తర్వాతి వారం ట్రాక్టర్ వచ్చింది. వెంట అరుణ్‌కుమార్ అనే కుర్ర ఆఫీసరు. నవ్వు ముఖం, నెమ్మదైన మనిషి. భీమప్ప గబగబా బండ ఎక్కి పద్మాసనం వేశాడు.

నీడలో నిలబడ్డ కిష్టయ్య నవ్వాడు. "గప్పుడు నేను గిట్లనే కూసుంటె నా ఫోటో తీసి గ్రూపుల వెట్టినవ్. డ్రామా అన్నవ్. గిప్పుడు నీదేంది మరి?"

"గప్పటిది వేరే, ఇప్పటిది వేరే!"

"ఏంది వేరే?"

"అది శోభ. ఇది దౌర్జన్యం!"

నిజం చెప్పాలంటే నాకు ధైర్యం వచ్చింది. భీమప్ప బరువైన మనిషి. సాయంత్రం దాకా కదలకపోతే చాలు, బండ నిలుస్తుంది. మా ఆవిడ అప్పుడే రొట్టెల పిండి కలపడానికి లోపలికి వెళ్ళింది.

అరుణ్‌కుమార్ కూడా తొందర పడలేదు. చేతులు కట్టుకుని ఇద్దరి మాటలూ కాసేపు విన్నాడు. తర్వాత ఏమీ తెలియనివాడిలా అడిగాడు: "అయినా పెద్దాయనా, ఈ ఆర్డర్ మొదలు తెచ్చింది ఎవరు?"

అంతే!

"గొడుగోళ్ళే!" అన్నాడు కిష్టయ్య. "ఏనప్పా కిష్టన్నా, నోటికొచ్చింది అంటవా? ఆగు, చూపిస్త" అని భీమప్ప ఒక్క దూకు దూకి కిందికి దిగాడు. ఫోన్ తీశాడు. మా ఇంటి దగ్గర సిగ్నల్ రాదు. వీధి మూలకు పోతే వస్తుంది. ఇద్దరూ ఒకరి ఫోన్ ఒకరు లాక్కుంటూ మూలకు పోయారు. ఆఫీసరు కూడా న్యాయనిర్ణేతలా వాళ్ళ వెంటే పోయాడు. పోతూ పోతూ ట్రాక్టర్ వైపు తల ఊపాడు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి గోడ పక్కన నీడలో ఒక తువ్వాల, ఎండలో ఒక తువ్వాల నేల మీద పడి ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు.

మీరు అడగొచ్చు, ఆ సమయంలో నువ్వేం చేస్తున్నావయ్యా, నీ బండే కదా అని. చెప్పాను కదా, నేను తటస్థుణ్ణి. పైగా ఇంటివాడు సొంత బండ మీద కూర్చుంటే పక్షపాతం అనుకోరూ?

మరునాడు పొద్దున నేను పూజకు కూర్చున్నాను. బయట ఎప్పటిలాగే గొంతులు. తొంగి చూశాను. బండ లేదు కానీ ఇద్దరూ ఉన్నారు. ఒకరు నీడ చివర, ఒకరు ఎండ చివర, ఎవరి చోట వాళ్ళు నిలబడి వాదించుకుంటున్నారు. ఇప్పుడు వాళ్ళ కాళ్ళు నేలకు ఆనాయి. మాటలు మాత్రం ఆనలేదు.

ఇంతలో మైసమ్మ వచ్చింది. గంప నిండా తడి ఆకు. అలవాటు కొద్దీ బండ ఉన్న చోటికి వచ్చి మోకాళ్ళు వంచింది. కింద ఏమీ లేదని గుర్తొచ్చి, మళ్ళీ లేవలేక అలాగే ఆగింది. మెడ నరాలు ఉబ్బాయి. వాళ్ళిద్దరూ చూశారు.

"చూడు, మీ సర్కారు చేసిన పని!" అన్నాడు భీమప్ప, ఆమెను చూపిస్తూ.

"ఇది మీరు జేసిందే!" అన్నాడు కిష్టయ్య, ఆమెను చూపిస్తూ.

ఇద్దరి చేతులూ ఆమె వైపే చాచి ఉన్నాయి. గంప మాత్రం ఆమె నెత్తి మీదే ఉంది.

మైసమ్మ తల తిప్పలేదు. తిప్పితే గంప పడిపోతుంది. అలాగే మా గుమ్మం వైపు మాట విసిరింది. "పూజయ్యిందా పటేలా?"

నా చేతిలో గంట ఉంది. కర్పూరం వెలుగుతోంది. అలవాటు ప్రకారం కొట్టబోయి ఆగాను. "నేను జూస్తలే, నువ్వు పో" అని మా ఆవిడ గంట తీసుకుంది.

చూశారా మరి, ప్రభుత్వం మేలు! బండే ఉంటే నేను గడప దాటేవాణ్ణా? అది ఏ పార్టీ ప్రభుత్వమో మాత్రం నన్ను అడగకండి.

తడిపంచెతోనే బయటికి వచ్చాను. గంప రెండు అంచులూ పట్టుకున్నాను. అది అంత బరువుంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. మెల్లగా కిందికి దించాను. నీళ్ళు కారి నా మడి మొత్తం మెంతికూర వాసన వేసింది.

మైసమ్మ నడుం నిటారుగా చేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గిన్నేండ్లకు అయ్యింది పటేలా, నీ పూజ."