తాడు కొలత

ఈ ఏప్రిల్ నుంచి మా కొండ రాష్ట్రంలో ఆడవాళ్లకు కూడా ఓటుంటుందని రాష్ట్రానికి పెద్ద అయిన గెబ్‌హార్డ్ గారు టౌన్‌హాల్ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. బ్యాండు మోగింది. "చరిత్ర మన కొండెక్కింది!" అన్నారాయన. స్విట్జర్లాండులో మిగతా అందరూ దాన్ని ఎప్పుడో ఎక్కించుకున్నారనీ, మా దగ్గరికి మాత్రం కోర్టు తీర్పు పట్టుకొచ్చిందనీ ఆయన అనలేదు. గొప్పవాళ్లు తాము పడ్డ అవస్థలు చెప్పుకోరు.

మా దగ్గర ఓటు పెట్టెలో పడదు. ఏప్రిల్ ఆఖరి ఆదివారం ఊరి నడిబొడ్డున గుండ్రంగా తాడు కడతారు. ఆ తాడు లోపల నిలబడి చెయ్యెత్తితేనే ఓటు. చేతులు లెక్కపెట్టరు. రాష్ట్ర పెద్దగారు వేదిక మీంచి కంటితో చూసి ఎటు ఎక్కువో చెప్పేస్తారు. ఓటుందనడానికి గుర్తుగా మగవాళ్లు నడుముకి తాతల నాటి కత్తి కట్టుకొస్తారు. మా ఆడవాళ్లకు పసుపు కార్డులిచ్చారు.

ఆ ఏడు మా పక్కింటి రెగులాకు ఒకే ఒక్కటి కావాలి. స్కూల్లో పిల్లలకు మధ్యాహ్న భోజనం. ఆమె భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. పన్నెండింటికి స్కూలు పిల్లల్ని ఇంటికి పంపేస్తుంది. రెగులా ఎంబ్రాయిడరీ మిషను ఆపేసి ఫ్యాక్టరీ నుంచి కొండ మీదికి పరుగెత్తుకొచ్చి సూప్ వేడిచేస్తుంది. ఇంకొక్కసారి ఆలస్యమైతే పనిలోకి రానక్కర్లేదని సూపర్‌వైజర్ చెప్పేశాడు.

ఆమె ప్రతిపాదనను గెబ్‌హార్డ్ గారు ఎంతో ఆదరంగా తీసుకుని, అజెండాలో అన్నిటికన్నా కింద పెట్టారు.

ఆదివారం మేం పిల్లల్ని తయారుచేసి, చర్చి బట్టల్లో వెళ్లేసరికి తాడు లోపల కత్తులు కిక్కిరిసి ఉన్నాయి.

"కాస్త జరగండయ్యా," అంది రెగులా.

"ఎటు జరగమంటావమ్మా, నా ముందున్నాయన జేబులోకా?" అన్నాడు మా పాలకేంద్రం ఎమిల్.

నేను వేదిక దగ్గరికెళ్లి, తాడు కొంచెం వదులు చేయించమన్నాను. గెబ్‌హార్డ్ గారు బాధగా నవ్వారు.

"అమ్మా, రాజ్యాంగం మారింది. తాడు మారలేదు. దాని కొలత వేరే చట్టం. ముందు ఒక సంఘం వెయ్యాలి, అది నివేదిక ఇవ్వాలి, దాని మీద ఓటు జరగాలి."

"ఎవరు వేస్తారండీ ఆ ఓటు?"

"ఇంకెవరు? తాడు లోపలున్నవాళ్లు. ప్రజాస్వామ్యం కదమ్మా!"

నిజమే. మేం తాడు బయట నిలబడి మా హక్కును చూసి ఆనందించాం. మేకల మేత మీద చర్చ గంటలకొద్దీ సాగింది. మేకల మనసు అంత బాగా తెలిసినవాళ్లు మా ఊళ్లో ఇంతమంది ఉన్నారని నాకు తెలియదు.

ఇంతలో చర్చి గంట పన్నెండు కొట్టింది.

ఇది ఎవరి పన్నాగమూ కాదు. పన్నెండు కొడితే మా మగవాళ్ల కాళ్లు వాటంతటవే భోజనాల బల్ల వైపు నడుస్తాయి. ఒక్క గెబ్‌హార్డ్ గారు మాత్రం కదల్లేకపోయారు. రాష్ట్ర పెద్దగారు వేదిక దిగితే సభ ముగిసినట్టే లెక్క, అజెండాలో ఇంకో అంశం మిగిలే ఉంది.

రెగులా తాడెత్తి లోపలికి దూరింది. వెనకే మేమంతా.

"ఓటు పెట్టండి సార్," అంది.

"ప్రజలు భోజనానికి వెళ్లారమ్మా. రానీ!"

ప్రజలు తొందరగానే వచ్చారు. ఇళ్లల్లో పొయ్యిలు చల్లగా ఉన్నాయట.

"కాస్త జరగండమ్మా!" అన్నాడు ఎమిల్, తాడు అవతల్నుంచి.

"ఎటు జరగమంటావు నాయనా, నా హ్యాండుబ్యాగులోకా?" అంది రెగులా. "రాజ్యాంగం మారింది. తాడు మారలేదు."

గెబ్‌హార్డ్ గారు లోపలికి చూశారు, బయటికి చూశారు. ప్రజల ఇబ్బంది చూడలేని మనిషి. వేదిక అంచున మోకాళ్ల మీద కూర్చుని, ఒర లోంచి కత్తి దూసి, అక్కడ కట్టి ఉన్న తాడు ఒక్క వేటుకు తెంపేశారు. సంఘమూ లేదు, నివేదికా లేదు.

మగవాళ్లు లోపలికొచ్చి, ఎవరి భార్య పక్కన వాళ్లు సర్దుకున్నారు.

"స్కూల్లో భోజనం పెట్టాలనేవాళ్లు చేతులెత్తండి!"

మా చేతులు లేచాయి.

"ఎత్తవా?" అంది ఎమిల్ భార్య అతనితో.

"పొయ్యి ఎప్పుడు వెలిగిస్తావు?" అన్నాడతను.

"నీ చెయ్యి లేచాక."

లేచింది. చుట్టుపక్కల ఇంకా చాలా లేచాయి. గెబ్‌హార్డ్ గారు కళ్లు చిట్లించి, "అంతగా కనబడటం లేదు..." అన్నారు.

"ఏవండీ, సరిగ్గా చూడండి," అంది ముందు వరసలో చెయ్యెత్తి నిలబడ్డ ఆయన భార్య ఓటీలియా. "పొద్దున్నే కళ్లజోడు తుడిచి ఇచ్చాను."

ఆయన సరిగ్గా చూశారు. ప్రతిపాదన నెగ్గింది. రెగులా అక్కడే ఎమిల్ భార్యను పట్టుకుని గిరగిరా తిప్పింది. ఆ పూట ఊరంతా ఆలస్యంగా, కడుపునిండా తిన్నది.

మర్నాడు పేపర్లో గెబ్‌హార్డ్ గారి ఫొటో పడింది. పిల్లల భోజనం తన చిరకాల స్వప్నమనీ, సభకు అందరూ సమానంగా రాగలిగినందుకు గర్వపడుతున్నాననీ చెప్పారు. తెగిన తాడు స్థానంలో వచ్చే ఏటికి ఇనప గొలుసు చేయిస్తున్నారట.

కొలత మాత్రం సంప్రదాయం ప్రకారం పాతదే.