పేగుల ఐకమత్యం వర్ధిల్లాలి!

పొట్ట కోసి కుట్టాక లోపలి పేగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయంటే మీరెందుకండీ అంత కంగారు పడతారు? ఒకే గోడ పంచుకున్న అన్నదమ్ములు పలకరించుకోని ఈ కాలంలో, చిన్న కోత పడగానే పేగు వెళ్లి పేగును కావలించుకుంటోంది! ఇంతటి ఐకమత్యం ఏ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో చూశారు?

ఈ ఐకమత్యానికి బద్ధశత్రువు మా వదిన. ఆపరేషన్ తర్వాత అవయవాలు అతుక్కోకుండా మధ్యలో పరిచే పదార్థాలను పరీక్షించడం ఆవిడ ఉద్యోగం. ఒకటి పల్చటి ఫిల్మ్, ఇంకొకటి జెల్. తడి తగిలిందంటే ఆ ఫిల్మ్ వచ్చి ఆవిడ గ్లవ్స్‌కే అంటుకుంటుంది! అతుకులు ఆపాల్సిందే అతుక్కుపోతే ఎలాగని విదిలించుకుంటూ విసుక్కుంటుంది.

ఆవిడ పగకు కారణం లేకపోలేదు. గర్భసంచి ఆపరేషన్ అయ్యాక వదిన పేగు ఒకటి పొట్టగోడను ప్రేమించింది. తుమ్మితే నొప్పి, పక్కకి తిరిగితే నొప్పి. స్కానింగ్‌లో మాత్రం ఏమీ కనపడదు!

"ఏమీ లేదట, సంతోషించవే," అన్నాడు అన్నయ్య.

"ఆ ఏమీ లేనిదాన్ని ఒక్కపూట మీరు మోయండి, నేను సంతోషిస్తాను," అంది వదిన, వంటగట్టు పట్టుకుని వంగిపోతూ.

చివరికి పేగు మూసుకుపోయి ప్రాణం మీదికొచ్చింది. హడావిడిగా మళ్లీ పొట్ట తెరిచి, ఆ ప్రేమికులను విడదీసి, మనిషిని దక్కించారు. కోలుకోగానే వదిన మళ్లీ ల్యాబ్‌కే వెళ్లింది.

మొన్న ల్యాబ్‌లో, ఆ ఫిల్మ్, జెల్ వేసిన రోగుల ఫలితాల మీద మీటింగ్ జరిగింది. కెమెరా పెట్టి చూస్తే ఫిల్మ్ వేసిన పొట్టలు ఒక్క అతుకూ లేకుండా అద్దాల్లా ఉన్నాయట! ల్యాబ్ పెద్ద ప్రొఫెసర్‌గారు మనవడి ఫొటోలు చూపించే తాతలా మురిసిపోతూ తెరమీద ఒక్కో పొట్టనూ చూపించారు. చప్పట్లు మోగాయి.

వదిన లేచింది. "వీళ్లకి నొప్పి తగ్గిందాండీ?"

"అతుకులు తగ్గాయి కదమ్మా!"

"అతుకులు సరేనండీ. మనుషుల సంగతి?"

"నొప్పి కెమెరాకి కనపడదమ్మా."

"నాదీ కనపడలేదు సార్. ఇంకాస్తయితే పోయేదాన్ని. ఫోన్ చేసి అడుగుదాం. ఎవరూ అడగట్లేదనే కదా వాళ్ల బాధ!"

ప్రొఫెసర్‌గారు సరేనన్నారు.

అడిగారు. చాలామంది హాయిగా ఉన్నామన్నారు. అద్దంలాంటి పొట్టగల ఒకాయన మాత్రం వంగితే నొప్పని, తన చెప్పులు ఇప్పటికీ భార్యే తొడుగుతోందన్నాడు. జెల్ వేసినా అతుకులు మిగిలిపోయిన ఒక పెద్దావిడ, "ఉండు నాయనా, మనవరాలు చంకలో ఉంది, దింపి మాట్లాడతా," అంది! ప్రొఫెసర్‌గారు ఫొటోలు ఆపేశారు. మనుషులను కూడా అడిగాకే ఏ పదార్థం మంచిదో తేలుస్తామని ఆయనే ప్రకటించారు.

కాబట్టి పాఠకులారా, పేగుల ఐకమత్యాన్ని నేనిప్పటికీ సమర్థిస్తాను. బొడ్డు పక్కన చిల్లు పెట్టి మరీ కెమెరా దూర్చే మహానుభావులకు, మూరెడు పైన ముందునుంచే ఒక చిల్లు ఉందని, దాన్ని నోరంటారని, అడిగితే అదే చెబుతుందని తెలియడానికి మా వదిన పేగు అతుక్కోవలసి వచ్చింది మరి!