లాంతరు మేడ ఆఖరి భాగం

శుక్రవారం పొద్దున్న రేడియో మావయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య కోర్టుకి వెళ్ళగానే వీధి తలుపు గడియ పెట్టాలి. ఫ్యాను కిందకి కుర్చీ లాక్కోవాలి. సాయంత్రం ఆరులోపల ఒక కథ రాసి పంపించెయ్యాలి. అంతే. ఇందులో ఎవరికీ నష్టం లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆయన కుళాయిలూ పైపులూ అమ్మే కంపెనీ గోడౌన్లో స్టోర్ కీపరు. రేడియో మావయ్య అన్నది వీధిలో పిల్లా పెద్దా కలిసి పెట్టిన పేరు. చిన్నప్పుడు రేడియోలో విన్న నాటకాలన్నీ గొంతులు మార్చి మరీ చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు. వాటన్నిట్లోకీ 'లాంతరు మేడ' అనే డిటెక్టివ్ సీరియల్ అంటే ఆయనకి ప్రాణం. అందులో ఒక పాడుబడ్డ మేడ ఉంటుంది. మనిషి అడుగుపెట్టని పై గదిలో రోజూ రాత్రి లాంతరు వెలుగుతుంది. అది ఎవరు వెలిగిస్తున్నారో కనిపెట్టడానికి ఒక డిటెక్టివమ్మ వస్తుంది. ఆవిడ ఆ నెమ్మదైన గొంతుతో, "చీకటిది ఏముంది, ముందు ఆ వెలుతురుని అనుమానించండి" అనగానే పదేళ్ళ మావయ్యకి ఒళ్ళు ఝల్లుమనేది.

తీరా ఆవిడ ఆఖరి మెట్టు ఎక్కి తలుపు మీద చెయ్యి వేసిన వారమే స్టేషన్లో సమ్మె మొదలైంది. సమ్మె అయ్యాక ఆ టైముకి పంటల తెగుళ్ళ మీద ప్రసంగాలు వచ్చాయి గానీ, ఆఖరి భాగం రాలేదు. మావయ్యకి పెళ్ళయింది, జుట్టు ఊడింది, షుగరొచ్చింది. డిటెక్టివమ్మ చెయ్యి మాత్రం ఆ తలుపు మీదే ఉండిపోయింది.

ఇన్నేళ్ళకి పాత రేడియో అభిమానుల గ్రూపు వాళ్ళు ఫోన్లో ఒక పోటీ పెట్టారు. ఆఖరి భాగం మీరే రాయండి, అన్నిట్లోకీ నచ్చినదాన్ని ఆదివారం ఆ డిటెక్టివమ్మకి గొంతిచ్చినావిడే స్వయంగా చదువుతారు, అన్నారు. ఆవిడకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ గొంతు తన మాటలు పలకడం అనే ఆలోచనకే మావయ్యకి నిద్ర పట్టడం మానేసింది. లాంతరు ఎవరు వెలిగించారో ఆయనకి ఎప్పుడో తెలిసిపోయింది. చిన్నప్పటినుంచీ లోపల దాచుకున్నాడు. కాగితం మీద పెట్టడమే తరువాయి.

చిక్కల్లా గోడౌన్లో స్టాకు లెక్కలు జరుగుతున్న వారం కావడం. కథ రాసుకోవాలి, సెలవివ్వండి అంటే మేనేజరు గారు ఏమంటారో ఊహించడానికి పెద్ద డిటెక్టివ్ అక్కర్లేదు. అందుకని గురువారం సాయంత్రం ఫోన్ చేసి కళ్ళకలక వచ్చిందని చెప్పాడు. మేనేజరు గారికి ఆ జబ్బంటే హడల్. "సరే సరే. నువ్వు ఫోన్లో కూడా ఎక్కువ మాట్లాడకు," అని పెట్టేశారు. మావయ్య ముందు జాగ్రత్తగా తన ఫోను కట్టేసి సొరుగులో పడేశాడు.

ఇంట్లో మాత్రం సెలవు మిగిలిపోయిందని చెప్పాడు. ఆయన భార్య కోర్టులో టైపిస్టు. సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు చెయ్యడం ఆవిడ ఉద్యోగం. ఏళ్ళ తరబడి అబద్ధాలు టైపు చేసి చేసి, ఎక్కడ ఏ మాట తేడాగా ఉందో వేళ్ళతోనే పట్టేసే స్థితికి వచ్చింది.

మావయ్య కాగితం మీద 'తలుపు' అని రాశాడో లేదో, వీధి తలుపు చప్పుడైంది. టైపిస్టమ్మ వెనక్కి వచ్చేసింది.

"జడ్జి గారు రాలేదండీ. కేసులన్నీ వాయిదా. హాయిగా ఇవాళ ఇద్దరం ఇంట్లోనే."

"హాయే," అన్నాడు మావయ్య, కాగితం తొడ కింద పెట్టుకుంటూ.

ఆవిడ చెప్పులు విప్పుతుండగానే చేతిలో ఫోను మోగింది. ఆవిడ వింది, ఇటు చూసింది, మళ్ళీ వింది.

"మీ మేనేజరు గారు. మీ ఫోను పలకట్లేదట. కళ్ళు ఎలా ఉన్నాయని అడుగుతున్నారు. ఎవరి కళ్ళండీ?"

మావయ్య నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. "నావే. నిన్నటినుంచి మంట. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు."

"పాలల్లే ఉన్నాయి కదా. ఉండండి, టార్చి తెస్తాను."

ఆవిడ అటు వెళ్ళింది, ఈయన ఇటు స్నానాలగదిలోకి దూరాడు. కంటికి కాస్త ఎరుపు కావాలి, అంతే. సబ్బు నురగ రెండు కళ్ళకీ రుద్దాడు. కావలసినదానికంటే చాలా ఎక్కువే వచ్చింది. గోడ పట్టుకుని బయటికి వచ్చేసరికి కళ్ళు చింతనిప్పులయ్యాయి, ముక్కు కూడా కారుతోంది.

టైపిస్టమ్మ టార్చి వెయ్యక్కర్లేకుండానే గుండె బాదుకుని, పై వాటాలో ఉండే నర్సమ్మని కేకేసింది. నర్సమ్మ రిటైరైన దగ్గరినుంచి చేతికి ఒక్క రోగి దొరక్క కుమిలిపోతోంది. పెట్టె పట్టుకుని రెండేసి మెట్లు దిగింది.

"నాకేం లేదమ్మా. చల్లనీళ్ళతో కడుక్కుంటే పోతుంది."

"రోగులంతా అలాగే అంటారు. తల పైకెత్తండి."

"ఇవాళ నాకు ఒక ముఖ్యమైన పని..."

"కళ్ళకంటే ముఖ్యమా అన్నయ్యా? కదలకండి."

ఏదో జిడ్డు మందు రెండు కళ్ళనిండా పూసి, పైన దూది, దూది మీద గుడ్డకట్టు. "రేపు పొద్దున్నదాకా విప్పితే నా పూచీ లేదు," అని వెళ్ళిపోయింది. మావయ్య కట్టు అంచు ఎత్తి చూశాడు. ఎదురుగా ఉన్నది భార్యో బీరువానో తెలియలేదు.

మధ్యాహ్నం దాకా ఆయన మంచం మీద కూర్చుని, ఎవరిని తిట్టుకోవాలో తేలక అందరినీ తిట్టుకున్నాడు. చివరికి పరువు పక్కన పెట్టి పోటీ సంగతి భార్యకి చెప్పాడు. కళ్ళ సంగతి చెప్పలేదు.

"నేను చెబుతాను, నువ్వు టైపు చేసిపెట్టు."

"చేస్తాను గానీ నాకు తెలిసింది ఒకటే పద్ధతి. గదిలో వినిపించింది వినిపించినట్టు. కొట్టివేతలుండవు, సొంత తెలివి ఉండదు. అలా అయితేనే నా వేళ్ళు కదుల్తాయి."

"నేను చెప్పేదే కదా వినిపించేది. కానీయ్."

ఆవిడ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. టకటకా నాలుగు అక్షరాలు పడ్డాయి. ఆ చప్పుడు దేనికో ఆయన ఆలోచించలేదు.

"డిటెక్టివమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. లోపలినుంచి కిరసనాయిలు వాసన..."

"బావా, ఈ ఫ్యాను ఏమిటి ఇలా మూలుగుతోంది?" అంటూ బావమరిది వచ్చాడు. ఇతగాడు టైపిస్టమ్మ తమ్ముడు. ఎవరి ఇంట్లో ఏ వస్తువు చప్పుడు చేసినా విప్పేదాకా ఊరుకోడు. మళ్ళీ బిగించిన దాఖలాలు తక్కువ. నిచ్చెన లాగి ఎక్కేశాడు.

"దాన్ని వదిలెయ్యరా బాబూ, నీకు పుణ్యముంటుంది."

"నువ్వు చెప్పుకో బావా, నేను వినట్లేదు. కిరసనాయిలంటే దెయ్యం కాదన్నమాట. నేను దెయ్యం అనుకున్నాను."

పైనుంచి మరమేకు ఒకటి మావయ్య నెత్తిన పడింది. ఆయన అన్న మాట అచ్చులో వేసేది కాదు. టకటకలు మాత్రం ఆగలేదు.

కథ ఇంకో నాలుగు వాక్యాలు సాగేసరికి వీధిలో కారు ఆగింది. మేనేజరు గారు ముక్కుకి రుమాలు కట్టుకుని గుమ్మం అవతలే నిలబడ్డారు. "గోడౌన్ తాళంచెవి నీ జేబులో ఉండిపోయిందయ్యా. పొద్దున్న ఫోన్లో అడుగుదామంటే మీ ఆవిడ కంగారులో పెట్టేసింది. స్టాఫంతా పొద్దుటినుంచి గేటు బయటే నించున్నారు. కాస్త సబ్బుతో కడిగి ఇప్పించు."

సబ్బు మాట వినగానే మావయ్యకి మళ్ళీ కళ్ళు మండాయి. బావమరిది నిచ్చెన దిగి తాళంచెవి కడిగి ఇచ్చాడు. మేనేజరు గారు కదల్లేదు.

"ఇందాక లాంతరు మేడ అన్నావేమిటి? ఆ పాతదేనా? మేమూ వినేవాళ్ళం. వాచ్‌మనే వెలిగించాడు. నేను అప్పుడే చెప్పాను, మా నాన్న నమ్మలేదు."

"వాచ్‌మన్ మూడో భాగంలోనే పోయాడండీ."

"పోయినట్టు నటించాడయ్యా. నీకు తెలీదు."

కనిపించని మేనేజరుతో వాదించే అలవాటు లేక మావయ్య కాసేపు సతమతమయ్యాడు. బావమరిది మధ్యలో దూరి, ఆయన నంబరు తీసుకుని, ఆ రేడియో అభిమానుల గ్రూపులో చేర్చేదాకా వదల్లేదు. కారు కదిలిన చప్పుడు విన్నాక మావయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

"టైమెంతయింది?"

"ఆరు కావస్తోంది," అన్నాడు బావమరిది. "బావా, వాచ్‌మన్ మాట బాగానే ఉంది. లేకపోతే వాచ్‌మన్ దెయ్యం అని పెట్టు, ఇద్దరి మాటా నిలబడుతుంది." అని ఫ్యాను రెక్క మీద సుత్తితో ఒక్కటి వేశాడు.

దానితో మావయ్యకి తల ప్రాణం తోకకి వచ్చింది. "ఒరే, నోరు ముయ్యరా. నా కళ్ళకేమీ కాలేదు. సబ్బు రుద్దుకున్నాను. ఈ కథ రాసుకోవడానికి ఆ రుమాలు మనిషికి అబద్ధం చెప్పి సెలవు పెట్టుకున్నాను. ఒక్క రోజు, నా బతుకులో ఒక్క రోజు నన్ను నా లాంతరు దగ్గర వదిలెయ్యండిరా."

టకటకలు ఇంకాసేపు వినిపించి ఆగాయి. భార్య టైపులో పడి వినలేదనుకుని మావయ్య ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఎక్కడున్నాం? ఆఁ. తలుపు తెరుచుకుంది. లాంతరు పక్కన నిలబడి ఉన్నది మరెవరో కాదు..."

"బావా, ఆరు," అని బావమరిది నిచ్చెన మీదినుంచి దూకి ల్యాప్‌టాప్‌లో పంపే మీట నొక్కేశాడు. "వెళ్ళిపోయింది. ఒక్క క్షణం ఆలస్యమైతే తీసుకునేవాళ్ళు కాదు."

"ఇంకా పేరు చెప్పలేదురా."

"నేను లేకపోతే అసలు వెళ్ళేదే కాదు. పోన్లే, థాంక్సు తర్వాత చెబుదువుగాని."

ఆదివారానికి కళ్ళు తెల్లబడ్డాయి, ఆశ చచ్చింది. అయినా గ్రూపు వాళ్ళ ప్రసారం వస్తుంటే ఫోను బల్ల మీద పెట్టుకుని ముగ్గురూ కూర్చున్నారు. ఆ గొంతు వచ్చింది. కాస్త వణికింది గానీ అదే గొంతు. చాలా వచ్చాయి, అన్నీ బాగున్నాయి, నేను చదవబోయేది ఒక స్టోర్ కీపరు గారిది, అంది.

మావయ్యకి కుర్చీ కింద నేల ఉన్నట్టు తెలియలేదు.

"మేనేజరు గారు కూడా వింటున్నారు బావా," అన్నాడు బావమరిది. మావయ్య గర్వంగా తలూపాడు.

డిటెక్టివమ్మ నెమ్మదిగా అందుకుంది. "సాక్షి గొంతు సవరించుకొనెను. డిటెక్టివమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. లోపలినుంచి కిరసనాయిలు వాసన. బావా, ఈ ఫ్యాను ఏమిటి ఇలా మూలుగుతోంది."

మావయ్య భార్య వైపు తిరిగాడు. ఆవిడ చీర అంచు చూసుకుంటోంది.

ఎనభై ఏళ్ళ గొంతు ఏదీ వదల్లేదు. మరమేకు నెత్తిన పడటం, తర్వాత ఆయన అన్న మాట, చచ్చిన వాచ్‌మన్, కడిగిన తాళంచెవి, అన్నీ మేడ మెట్ల మీద నడిచినంత భయంభయంగా చదివింది. చివరికి ఒక్క క్షణం ఆగి, పదేళ్ళ పిల్లాడికి ఒళ్ళు ఝల్లుమనిపించిన ఆ గొంతుతోనే, "నా కళ్ళకేమీ కాలేదు, సబ్బు రుద్దుకున్నాను," అంది. అక్కడికి ఆవిడకే నవ్వు ఆగలేదు.

"లాంతరు పక్కన నిలబడి ఉన్నది మరెవరో కాదు," అని చదివి, కాగితం తిప్పిన చప్పుడు చేసింది. "అయ్యో, ఇంతేనా నాయనా? పేరేది? ఆ ఆఖరి పేజీ అప్పుడు మాకూ ఇవ్వలేదు. ఇన్నాళ్ళకైనా ఎవరో ఒకరు చెబుతారనే కదా నేను ఒప్పుకుంది."

ప్రసారం ముగిసింది. మావయ్య కుర్చీ భార్య వైపు తిప్పుకున్నాడు.

"అంటే నువ్వు శుక్రవారమే విన్నావు."

"విన్నాను."

"విని టైపు చేశావు. రెండు రోజులు నోరెత్తలేదు."

"టైపు చేసేవాళ్ళు సాక్షితో మాట్లాడకూడదండీ. తీర్పు మా పని కాదు."

ఫోను మోగింది. మేనేజరు గారు.

"కళ్ళెలా ఉన్నాయి?"

"తగ్గాయండీ."

"తగ్గుతాయి. రేపు పొద్దున్నే వచ్చెయ్. స్టాకు అంతా నీకోసమే ఉంచాం, ఎవ్వరూ ముట్టుకోలేదు." అని ఆగి, గొంతు తగ్గించారు. "అది సరేగానీ, ఇంతకీ వెలిగించింది ఎవరయ్యా?"

మావయ్య ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు. చిన్నప్పటినుంచి మోసిన మాట, కట్టకడపటికి ఇలా ఈయన చెవిలో పడుతుందనుకోలేదు. "డిటెక్టివమ్మేనండీ. లాంతరు ఆరిపోతే ఆవిడకి ఆ మేడకి వచ్చే పనుండదు. ఆవిడ రాకపోతే మనకి వినే పనుండదు. అందుకని తనే రోజూ ముందుగా వెళ్ళి వెలిగించేది."

టైపిస్టమ్మ చీర అంచు వదిలేసి మొగుడి వైపు చూసింది.

"కాదు," అన్నారు మేనేజరు గారు. "వాచ్‌మనే." ఫోను పెట్టేశారు.

ఆ గోడౌన్లో ఇప్పుడు ఎవరు కళ్ళు ఎర్రబడి వచ్చినా, సెలవిచ్చే ముందు దగ్గరికి పిలిచి సబ్బు వాసన చూస్తున్నారు.