తూము నడవదు

జూన్ 18, బుధవారం, మధ్యాహ్నం 2 గంటల 36 నిమిషాలకు తూముకిందపల్లిలో ఆ రోజు డేటా అయిపోయింది. అప్పటికి పదో ఇంటి వంతు నడుస్తోంది. పదకొండో ఇంటి వంతు 2 గంటల 40 నిమిషాలకు మొదలుకావాలి. ఆ ఇంట్లో కావ్య అనే అమ్మాయి డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ఆప్షన్లు పెట్టడానికి ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. గడువు సాయంత్రం 5 గంటలు.

నీళ్లనూ ఇంటర్నెట్‌నూ ఒకే చట్టం కింద పాలించవచ్చని మానవజాతికి చూపించిన మొదటి ఊరు తూముకిందపల్లి. ఈ ఘనతకు ఆ రోజుకు డెబ్బై తొమ్మిది రోజులు.

ఊరు బుక్కపట్నం చెరువు ఆయకట్టులో ఉంది. ఒకటే వీధి, పదకొండు ఇళ్లు, పద్నాలుగు ఫోన్లు. రీఛార్జ్ ధరలు పెరిగాక మార్చిలో ఊరివాళ్లు కూర్చుని ఆలోచించారు. ఒక్క ఫోనుకు రోజుకు మూడు జీబీల ప్లాన్ వేసి, దాని హాట్‌స్పాట్ పదకొండు ఇళ్లూ వాడుకుంటే మిగతా పదమూడు ఫోన్లకు రీఛార్జ్ అక్కర్లేదని తేలింది. ఎట్లా పంచుకోవాలన్నది ఒక్కటే మిగిలింది. మొదటి ఇంటి చంద్రశేఖర్ దానికీ జవాబు చెప్పాడు. ఆయన చెరువు నీటి సంఘానికి రెండుసార్లు అధ్యక్షుడు.

"నీళ్లకు పనికొచ్చిన కట్టుబాటు డేటాకు పనికిరాదా ఏమప్పా? రెండూ పైనుంచే కదా వచ్చేది" అన్నాడు.

ఏప్రిల్ 1న డేటా ఆయకట్టుదారుల సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు చంద్రశేఖర్. కార్యదర్శి మూడో ఇంటి నాగరాజు, రిటైరైన లైన్‌మన్. నీటి సంఘం నిబంధనలను జిరాక్స్ తీసి, 'నీరు' అన్న చోటల్లా కొట్టేసి 'డేటా' అని రాశారు. (పదిహేడో నిబంధనను ఎవరూ చదవకుండా దిద్దారు. దాని ప్రకారం ఆయకట్టులో డేటాతో బర్రెలను కడగరాదు.)

సంఘం ఫోన్‌ను చంద్రశేఖర్ ఇంటి ప్రహరీ గోడ గూటిలో పెట్టారు. అక్కడ సిగ్నల్ నాలుగు గీతలు వస్తుంది. ఆ గూటికి తూము అని పేరు. తూముకు దగ్గరి ఇల్లు మొదటిది, దూరపు ఇల్లు పదకొండోది. పదకొండో ఇల్లు తాపీ పని చేసే దేవసహాయానిది. భార్య సంగీత బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. కావ్య వాళ్ల కూతురు. వాళ్లను చివర పెట్టాలని సంఘం తీర్మానించలేదు. ఆ ఇల్లు కట్టినప్పుడే వీధి చివర కట్టారు. (ఎందుకు చివర కట్టారన్నది సంఘం పరిధిలోకి రాదు.)

చెరువుకు తూము తెరిచి నీళ్లు వదిలే నీరుగంటి ఉన్నట్టే డేటాకూ నీరుగంటి కావాలి. చెరువు నీరుగంటి కదిరప్పనే పెట్టుకున్నారు. ఆయన వయసు అరవై ఆరు. ఉండేది చెరువు కట్ట మీద గుడిసెలో, పదకొండు ఇళ్ల లెక్కలోకి రాదు. చదువు లేదు. హాట్‌స్పాట్ తెరిచే బటన్ ఒక్కటి నేర్పించారు. రోజూ పది నలభైకి, బువ్వ తిని వచ్చాక, కదిరప్ప ఆ బటన్ నొక్కి తూము కింద కూర్చుంటాడు. ముందు నీళ్ల బేసిను. అందులో అడుగున సన్న బెజ్జం ఉన్న ఇత్తడి గిన్నె తేలుతుంటుంది. నీళ్ల వంతులు కొలిచే గిన్నె అదే. మునగడానికి ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది. మునగగానే కదిరప్ప తర్వాతి ఇంటిని కేకేస్తాడు. ముందు ఇంటివాళ్లు వైఫై ఆపేయాలి. ఆపకపోతే గండి కొట్టిన నేరం. సొంతంగా ఫోన్ రీఛార్జ్ చేసుకుంటే అనుమతి లేకుండా బోరు వేసిన నేరం. కట్టిన వాటా పోతుంది, ఏడాది వంతు పోతుంది.

(కంపెనీ వాళ్ల నెలకు ఇరవై ఎనిమిది రోజులు. సంఘం అమావాస్య నుంచి అమావాస్యకు లెక్కించి రీఛార్జ్ చేస్తుంది. ఏప్రిల్‌లో ఒక రోజు, మే నెలలో రెండు రోజులు చెరువు ఎండినట్టు రికార్డులో ఉంది.)

కాలువ నీళ్లు ఒక్క వేగంతో పారతాయి కాబట్టి కాలాన్ని కొలిస్తే నీళ్లను కొలిచినట్టే. హాట్‌స్పాట్ అట్లా పారదు. మొదటి ఇంట్లో ఒక గిన్నె మునిగేలోపు చంద్రశేఖర్ కొడుకు హరీష్ ఫోన్‌లోకి ఒక సినిమా దిగుతుంది. పదకొండో ఇంట్లో అదే గిన్నెకు ఒక ఫొటో సగం దిగుతుంది. ఏప్రిల్ సమావేశంలో కావ్య ఆ సగం ఫొటోను చూపించింది.

"దూరం పోయేకొద్దీ కాలవలో ఇంకుతాది కదమ్మా. అది నేల గుణం" అన్నాడు నాగరాజు. 'ఇంకుడు నష్టం' అని పుస్తకంలో రాశాడు.

"ఫోన్ చేతిలో పట్టేదే కదా సార్. మా వంతప్పుడు మా ఇంటి కాడికి తెస్తే చాలు" అంది కావ్య.

"తూము యాడన్నా చేని కాడికి నడిచొస్తాదా పాపా?" అన్నాడు చంద్రశేఖర్.

"అయితే నేనే తూము కాడికి వస్తా."

"మరి చేను తూము కాడికి నడిచొస్తాదా?"

అందరూ నవ్వారు. చర్చ ముగిసినట్టు రాశారు. (చంద్రశేఖర్ అరుగు మీద పదో ఇంటి దాకా అందరూ కూర్చుంటారు. పదకొండో ఇంటివాళ్లు కూర్చున్న దాఖలా లేదు. కూర్చోకూడదన్న నిబంధన కూడా లేదు.)

ఇక టీవీ సంగతి. చంద్రశేఖర్ భార్య వసుంధర సీరియళ్లు చూసే టీవీ హాట్‌స్పాట్ మీదే నడుస్తుంది, వంతుతో పని లేకుండా. సంఘం దగ్గర ఉన్న పట్టీ ఫోన్ల పట్టీ. టీవీ ఫోన్ కాదు. పట్టీలో లేనిది ఆయకట్టులో లేనట్టు. ఆయకట్టులో లేనిది డేటా తాగే అవకాశమే లేదు.

కాలేజీ ఆప్షన్లకు మూడు రోజులు ఇచ్చారు. మొదటి రోజు డేటా తొమ్మిదో ఇంటి దగ్గర ఆగింది. రెండో రోజు పదకొండో ఇంటి దాకా వచ్చింది. వెబ్‌సైట్ తెరుచుకునేలోపు గిన్నె మునిగింది. మూడో రోజు జూన్ 18. కావ్యకు కావలసింది హిందూపురంలోని ఒక కాలేజీ. అక్కడ హాస్టల్ ఉంది. ఆప్షన్ పెట్టకపోతే ఈ ఏడాదికి సీటు లేదు, బడి వంటింట్లో అమ్మకు తోడుగా ఉండాలి. అది సంగీత ముందే చెప్పింది.

2 గంటల 36 నిమిషాలకు గూటిలో ఫోన్ మోగింది. కదిరప్ప దాన్ని నాగరాజుకు చూపించాడు. కంపెనీ మెసేజ్‌లో రెండు వాక్యాలు ఉన్నాయి. "ఈ రోజు మీ డేటా కోటా పూర్తయింది" అన్న మొదటి వాక్యం చదివి నాగరాజు కళ్లద్దాలు తీసేశాడు.

సంగీత వచ్చి చంద్రశేఖర్ గేటు దగ్గర నిలబడింది.

"సార్, పాప చదువు సార్. అయిదు గంటలకు మూసేస్తారంట. బుక్కపట్నం నడిచిపోయి అంగట్లో పెట్టిచ్చుకొస్తాం."

"ఉండమ్మా, తొందరపడతావు యాలా? సంఘం ఉండేది దేనికి? నువ్వు ఊరు దాటితే అర్జీ వెనక్కి తీసుకున్నట్టు అవుతాది. కూర్చోబెట్టి మాట్లాడతాం."

బుక్కపట్నం నాలుగు కిలోమీటర్లు. రెండున్నర బస్సు పోయింది. తర్వాతి బస్సు అయిదుంబావుకు. దేవసహాయం మోపెడ్ మీద పెనుకొండ పనికి పోయాడు. హరీష్‌కు బండి ఉంది. దాన్ని పంపే విషయం కూడా సమావేశంలో వచ్చింది. పెట్రోలు ఏ పద్దు కింద రాయాలో తేలలేదు.

2 గంటల 55 నిమిషాలకు అత్యవసర సమావేశం మొదలైంది. సంఘం ఫోనుకు ఆ ఒక్క రోజుకు అదనపు డేటా వేయించాలని అయిదో ఇంటి లక్ష్మీదేవమ్మ అంది.

"ఎవరికి తక్కువైందో వాళ్లు వేయించుకోవాల" అన్నాడు హరీష్.

"ఏమబ్బా, నువ్వు సినిమా దించుకుంటివి, ఆ పిల్ల వేయించాల్నా?"

"నా వంతులో నేను దించుకుంటి పెద్దమ్మా. వంతు దాటి ఒక్క బొట్టు తాగినానేమో చెప్పు."

"తాగలేదు నాయనా. వంతులోనే చెరువంతా తాగినావు."

అదనపు డేటా వేయించాలంటే మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, ముందుగా అంచనా తయారుకావాలి. అంచనా తయారుచేయాలంటే ప్యాక్ ధర తెలియాలి. ధర చూడాలంటే డేటా కావాలి. నాగరాజు ఆ అంశాన్ని వాయిదా వేశాడు.

చివరికి సంఘం తనకు బాగా తెలిసిన పని చేసింది. పదకొండో ఇంటిని కరువు ప్రాంతంగా ప్రకటించింది. నష్టం అంచనాకు ముగ్గురితో బృందం వేసింది. సహాయక చర్యగా మరుసటి రోజు మొదటి వంతు కావ్యకు ఇచ్చింది. అప్పటికి 4 గంటల 5 నిమిషాలు. తీర్మానం ప్రతి మీద సంతకం పెట్టించుకుని సంగీత చేతికి ఇచ్చారు.

"రేపటికి గడువు లేదు సార్" అంది సంగీత.

"గడువు పెట్టింది మేము కాదమ్మా" అన్నాడు చంద్రశేఖర్.

అందరూ లేచిపోయారు. కావ్య గేటు బయట, గూటికి అవతలి వైపు నిలబడి ఉంది. కదిరప్ప ఫోన్ తీసి ఆమెకు అందించాడు.

"ఇందులో ఇంకా ఏందో రాసుండాది పాపా. నాగరాజు సగమే చదివినట్టుండె. చూడు."

కావ్య చదివింది. "ఇక నుంచి వేగం అరవై నాలుగు కేబీపీఎస్ అంట తాతా."

"అంటే?"

"పూర్తిగా ఆగదు. బొట్టు బొట్టుగా వస్తాది."

"అది చెలమ కదమ్మా" అన్నాడు కదిరప్ప. "ఏరు ఎండినాక ఇసకలో గుంత తీస్తే ఊరతాది చూడు, ఆ నీళ్లు. ఓపికుంటే కడవ నిండుతాది. ఈడనే ఉంటే ఊరిందంతా ఆ టీవీ తాగేస్తాది. పద."

4 గంటల 12 నిమిషాలకు కదిరప్ప ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని, బటన్ నొక్కి తూము మూసి, వీధి చివరికి నడిచాడు. గిన్నెను బేసిన్‌లోనే వదిలేశాడు. పదకొండో ఇంటి గడప మీద కూర్చుని మళ్లీ బటన్ నొక్కి తూము తెరిచాడు. కావ్య పక్కన కూర్చుని వెబ్‌సైట్ తెరిచింది. పేరు 4 గంటల 19 నిమిషాలకు కనిపించింది. జిల్లాల పట్టీ 4 గంటల 27 నిమిషాలకు.

"ఊరతాండాదా?"

"ఊరతాండాది తాతా."

"ఇంకోటి ఏదీ ముట్టుకోవద్దు. చెలమను కలబెడితే బురదవుతాది."

అవతల, మధ్యాహ్నం నుంచి ఆగి ఆగి నడుస్తున్న వసుంధర టీవీ సీరియల్ 4 గంటల 13 నిమిషాలకే పూర్తిగా ఆగి, చక్రం ఒక్కటే తిరగడం మొదలైంది. హరీష్ పోయి గూడు చూసి వచ్చాడు. టీవీ ఆగిందని ఫిర్యాదు రాయడానికి వీల్లేదు, ఆయకట్టులో టీవీ లేదు. 'తూము కనబడుట లేదు' అని రాశారు. 4 గంటల 40 నిమిషాలకు చంద్రశేఖర్, నాగరాజు, హరీష్ వీధి చివరికి వచ్చారు. చంద్రశేఖర్ ఆ ఇంటి ముందుకు రావడం ఓట్లప్పుడు తప్ప అదే మొదటిసారి.

"ఏం కదిరప్పా, తూము ఎత్తుకొచ్చినావా?"

"ఎత్తుకొచ్చినా సామీ."

"తూము నడవదని తెలీదా నీకు?"

"అది నడవలేదు సామీ. నేను నడిచినా. అది నా చేతిలో ఉండాది."

"ఇట్లా ఇయ్యి."

"పారేటప్పుడు తూము మూస్తే మడి సగంలో ఎండుతాది. పాప మడి తడవనీ, ఇస్తా."

హరీష్ చెయ్యి చాచాడు. నాగరాజు ఆపాడు. నాలుగో నిబంధన ప్రకారం తూము మూసే అధికారం నీరుగంటికి తప్ప అధ్యక్షుడికి కూడా లేదు. దాన్ని నీటి సంఘంలో రాయించింది చంద్రశేఖరే. ముగ్గురూ నిలబడ్డారు. సంగీత లోపలి నుంచి ఒక కుర్చీ తెచ్చి వేసింది. అందులో ఎవరూ కూర్చోలేదు.

4 గంటల 51 నిమిషాలకు హిందూపురం కాలేజీ పేరు మొదటి ఆప్షన్‌గా సేవ్ అయింది. రెండో ఆప్షన్‌కు టైమ్ లేదు. 4 గంటల 56 నిమిషాలకు 'మీ ఆప్షన్లు స్వీకరించబడినవి' అని వచ్చింది. కావ్య ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుంది. కదిరప్ప బటన్ నొక్కి తూము మూశాడు. సంఘం ఫోన్‌ను చంద్రశేఖర్ చేతికి ఇచ్చాడు.

జూన్ 26న కావ్యకు హిందూపురంలో సీటు వచ్చింది.

జూన్ 29, ఆదివారం, ఉదయం 11 గంటలకు సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది. ధర్మవరంలో రెండు వీధులవాళ్లు, పెనుకొండలో ఒక వీధివాళ్లు సంఘం పనితీరును చూసిపోవడానికి వస్తామని కబురు పెట్టారు. వాళ్లకు చూపించడానికి ఏడో తీర్మానం చేశారు: సంఘం కృషి వల్ల ఆయకట్టు చివరి ఇంటికి డేటా అందింది, తద్వారా ఒక విద్యార్థిని సీటు సాధించింది, ఇందుకు అధ్యక్షుడిని అభినందించడమైనది. పదకొండు ఇళ్లూ చేతులెత్తాయి. తన కూతురు పేరు ఉంది కాబట్టి దేవసహాయం కూడా ఎత్తాడు.

ఎనిమిదో తీర్మానం: జూన్ 18న తూమును కదిలించినందుకు నీరుగంటి కదిరప్పను తొలగించడమైనది.

నీరుగంటిని తొలగించాలంటే పదకొండు ఇళ్లూ ఒప్పుకోవాలి. నాగరాజు ఇంటికొక చెయ్యి ఎత్తమన్నాడు. దేవసహాయం రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఆయన పక్కన కింద కూర్చున్న కదిరప్ప చెయ్యెత్తాడు.

"నువ్వెందుకు ఎత్తుతాండావు పెద్దాయనా?" అన్నాడు దేవసహాయం.

"కదిలిచ్చింది నిజమే కదప్పా" అన్నాడు కదిరప్ప.

నాగరాజు ముందు వరస నుంచి చేతులు లెక్కపెట్టాడు. పదకొండు వచ్చాయి. ఏకగ్రీవం అని పుస్తకంలో రాసుకున్నాడు.